బెంగళూరు నేర్పిన ఇరుగుపొరుగు

పొరుగు భాషల వారి గురించి, పరమతస్థుల గురించి చిన్నతనంలో ఇంటా బయటా విన్న ఎగతాళి మాటలు పెద్దయ్యాక కూడా మనిషిలో తిష్ఠ వేసుకునే ఉంటాయి. అయితే నీతిబోధల కన్నా నలుగురితో కలిసి బతకడమే వాటిని త్వరగా వదిలిస్తుందనడానికి, తెలుగువారు తరతరాలుగా వలస వెళ్ళి స్థిరపడిన బెంగళూరు చరిత్ర గట్టి నిదర్శనం.

విజయనగర సామంతుడు కెంపేగౌడ 1537లో కట్టించిన ఈ ఊరు పేటలుగా పెరిగింది. గాజులకు బళేపేట, బియ్యానికి అక్కిపేట, పత్తికి అరళెపేట అన్నట్టు ఒక్కో వ్యాపారానికి ఒక్కో వీధి ఏర్పడగా, కన్నడం, తెలుగు, మరాఠీ, ఉర్దూ మాట్లాడేవారు బేరసారాల కోసమైనా ఒకరి మాట ఒకరు నేర్చుకున్నారు. 1809లో బ్రిటిష్ వారు పక్కనే కంటోన్మెంటును, అంటే సైనిక స్థావరాన్ని నెలకొల్పడంతో తమిళ సిపాయిలు, కూలీలు, వర్తకులు, ఆంగ్లో ఇండియన్లు వచ్చి చేరారు. 1949లో ఒకే కార్పొరేషన్ కిందికి వచ్చేదాకా పాత ఊరు, కంటోన్మెంటు వేర్వేరు పాలనల్లోనే ఉన్నాయి.

ఆ ఎడం తగ్గడంలో 1940లో మొదలైన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వంటి కర్మాగారాల పాత్ర ఎంతో, వఠారాల పాత్రా అంతే. వఠారమంటే ఒకే ప్రాంగణంలో వరుసగా కట్టిన అద్దె ఇళ్ళ సముదాయం. కులం అడిగి ఇల్లిచ్చిన యజమానులూ లేకపోలేదు గానీ, ఒకే కొళాయి దగ్గర బిందెలు పట్టుకుని నిలబడే చోట, బిడ్డకు జ్వరమొస్తే కషాయం కాచి తెచ్చిన పొరుగింటావిడది ఏ భాష అన్న పట్టింపు ఎక్కువకాలం నిలవదు.

తమిళ మూలాలున్న తోటమాలుల కులమైన తిగళులు చైత్ర పౌర్ణమి రాత్రి ద్రౌపది పేరిట జరిపే కరగ ఉత్సవంలోనూ ఈ పొందికే కనిపిస్తుంది: స్త్రీ వేషం ధరించిన పూజారి మల్లెపూలతో కప్పిన కరగాన్ని, అంటే కలశాన్ని, తలపై మోస్తూ, కత్తులు పట్టిన వీరకుమారుల నడుమ ధర్మరాయస్వామి గుడి నుంచి బయలుదేరి, కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గా వద్ద ఆగిన తర్వాతే ముందుకు సాగుతాడు.

అయినా ఈ సహజీవనం తనంతట తాను నిలబడేది కాదు. 1991లో కావేరి జలాల వివాదం తమిళుల మీద దాడులకు, 1994లో దూరదర్శన్ ఉర్దూ వార్తలు మతఘర్షణలకు దారితీశాయి. ఇలాంటి భాషా ఉద్రిక్తతల వల్లే అలసూరు చెరువు దగ్గర ముసుగులోనే ఉండిపోయిన తమిళ కవి తిరువళ్ళువర్ విగ్రహం 18 ఏళ్ళ తర్వాత 2009 ఆగస్టులో ఆవిష్కృతమైంది. మన వేమనతో పోల్చదగిన కన్నడ కవి సర్వజ్ఞుడి విగ్రహం దానికి బదులుగా అదే నెలలో చెన్నైలో వెలసింది.

అందుచేత తెలుగువారు ఎక్కువగా ఉండే అపార్టుమెంట్లనే వెతుక్కుని, కన్నడం నేర్వకుండానే ఏళ్ళు గడిపేసే నేటి వలసదారులు ఈ నగరం ఇవ్వగలిగిన అన్నిటికన్నా విలువైన చదువును చేజేతులా వదులుకుంటున్నారు. పిల్లలను అన్ని ఇళ్ళ గడపలూ తొక్కనిస్తే, పెద్దల దురభిప్రాయాలు తర్వాతి తరానికి అందకుండా ఉంటాయి.