తీన్‌మార్

తీన్‌మార్ హైదరాబాద్‌లోనూ దాన్ని ఆనుకుని ఉన్న రంగారెడ్డి జిల్లాలోనూ పెళ్లి బరాత్, బోనాలు, గణేశ్ నిమజ్జనం, ఎన్నికల విజయోత్సవం వంటి ఊరేగింపుల్లో వాయించే దరువు. ఆ దరువుకు వేసే చిందును కూడా అదే పేరుతో పిలుస్తారు. దెబ్బలు మూడేసి ఒక విడతగా పడతాయి. ఆడేవాళ్ల అడుగు కూడా వాటితోనే పడి, మడమ మీద తిరిగి మళ్లీ మొదటికొస్తుంది. పాతబస్తీలో దీన్ని మర్ఫా మేళాలు వాయిస్తాయి, పల్లెల్లో డప్పులూ బ్యాండ్ మేళాలూ కొడతాయి. మర్ఫాకు పేరుపడ్డ బార్కస్ చాంద్రాయణగుట్ట పక్కనే ఉంది. అక్కడి నుంచి పహాడీ షరీఫ్, తుక్కుగూడల మీదుగా సాగే శ్రీశైలం రోడ్డు రంగారెడ్డి జిల్లా మహేశ్వరం వైపే వెళ్తుంది.

మర్ఫా చరిత్ర సిపాయిల చరిత్ర. నిజాముల కొలువులో రెండు దూరదేశాల మనుషులు ఆయుధం పట్టారు. ఒకరు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు, రెండోవారు యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు. ఈ అరబ్బులనే హైదరాబాద్‌లో చావుష్‌లంటారు. సిద్దీల అశ్వికదళానికి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని పేరు. వనపర్తి సంస్థానాధీశుడు పోషించిన ఆఫ్రికన్ దళం నిజాం చేతికి రావడంతో దీని కథ మొదలైందని చెబుతారు. మాసాబ్‌ట్యాంక్ దగ్గరున్న ఏసీ గార్డ్స్ పేటకు పేరు వచ్చింది ఆ దళం వల్లనే. అరబ్బు సిపాయిల బారకాసులు ఉన్నచోటు బార్కస్ అయింది. ఈ రెండు పేటలూ కలిసి మర్ఫాను పెంచాయి.

మర్ఫా మేళంలో గుండ్రటి దఫ్‌లు, మెడకు తగిలించుకునే ఢోలు, పుల్లలతో కొట్టే లోహపు గిన్నె వాద్యం ఉంటాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ల కాలంలో ఇది వేడుకల మేళం. బార్కస్ పెళ్లిళ్లలో మర్ఫా మోగుతుంటే కత్తులూ కర్రలూ పట్టుకుని వరసగా ఆడటం హద్రమీల ఆచారం.

మర్ఫా అభిమానులు మురిపెంగా చెప్పుకోదగిన విశేషం ఒకటుంది, అది చరిత్రలో నిజంగా జరిగినదే. హైదరాబాద్ సైన్యంలో జమేదారుగా పనిచేసిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ ఇక్కడ కూడబెట్టిన సొమ్ముతోనే హద్రమౌత్‌లో తన వంశానికి రాజ్యం సంపాదించే పని మొదలుపెట్టాడు. ముకల్లా రాజధానిగా ఆ వంశం 1967 దాకా ఏలింది. అంటే అరేబియా తీరంలో ఒక సుల్తానుల వంశానికి పునాది పడింది మన దక్కన్ జీతంతో. పాతబస్తీ నుంచి అక్కడికీ, అక్కడి నుంచి ఇక్కడికీ మనుషులు తరతరాలు తిరిగారు కాబట్టి మర్ఫా ఏ ఒక్క దేశానిదని తేల్చడం కుదరదు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. ఆ తర్వాత ఆయన దళాలు రద్దయ్యాయి. తుపాకీ పోయింది, కొలువు పోయింది, మేళం మాత్రం మిగిలింది. సిద్దీ కుటుంబాల్లో కొందరికి పెళ్లిళ్లలో మర్ఫా వాయించడమే బతుకుదెరువైంది. అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యంలో మిగిలిపోయిన బ్యూగుళ్లూ డ్రమ్ములతో మాజీ సైనికుల సంఘాలు కుర్రాళ్ల దళాలు నడిపాయి. అవే డ్రమ్ అండ్ బ్యూగుల్ కోర్‌లు. వాటి తొలి డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్ రాష్ట్రం వైట్‌వాటర్‌లో జరిగింది. అక్కడ మేళం మైదానంలోకి వెళ్లి మార్కుల పోటీ అయింది. ఇక్కడ వీధిలోనే ఉండిపోయింది, జనం చిందే దానికి మార్కు.

ఏ దళమూ రాకముందు నుంచీ ఇక్కడ డప్పుంది. దాన్ని తరతరాలుగా కాపాడినవారు మాదిగలు. కర్రతో చేసిన గుండ్రటి చట్రానికి మేకతోలు బిగించి, కుడిచేత చిర్ర, ఎడమచేత సన్నటి సిటికెన పుల్లతో కొడతారు. చిర్రది గట్టిదెబ్బ, సిటికెన పుల్లది దాని వెంట పడే చిటపట. వాయించే ముందు గడ్డిమంటో కాగితాల మంటో వేసి డప్పును కాచాలి. తోలు బిగిస్తేనే నాదం పలుకుతుంది. పెళ్లికి ఒక దరువు, చావుకు ఒకటి, చాటింపుకు ఒకటి. పీర్ల పండక్కి ఊళ్లలో అలావ అనే నిప్పుగుండం చుట్టూ హిందువులూ ముస్లింలూ కలిసి ఎగిరేది డప్పు దరువుకే. పాతబస్తీ మర్ఫా పల్లెకు కొత్తగా అనిపించకపోవడానికి అసలు కారణం ఇదేనని చెప్పాలి. చెవీ కాలూ అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. తీన్‌మార్ గొప్ప సిద్దీలదా, చావుష్‌లదా, డప్పుదా అని అభిమానులు ఇప్పటికీ వాదులాడుకుంటారు. ముగ్గురిదీ అనడమే న్యాయం.

బరాత్‌లో నవ్వుల వాటా పెద్దది. దరువు బాగుంటే పీనుగు కూడా లేచి ఎగరాలంటారు. మేళం జోరు తగ్గితే అన్నం పెట్టలేదా అని పెళ్లివారినే దెప్పుతారు. డ్రమ్ము వాయించేవాడి ముందు నిలబడి నోటును పెళ్లికొడుకు తల చుట్టూ తిప్పి అందించడం, పళ్ల మధ్య పట్టుకుని ఊరించడం మామూలే. అన్నిటికన్నా పేరున్నది నాగిన్ డాన్స్. ఒకడు జేబురుమాలు కొస పళ్లతో పట్టి, రెండో కొస చేత్తో లాగి నాగస్వరం ఊదుతున్నట్టు ఊగుతాడు. ఇంకొకడు రెండు చేతులూ తలమీద పడగలా చేర్చి రోడ్డు మీద మెలికలు తిరుగుతాడు. పెళ్లి షేర్వానీకి ఎర్రమట్టి అంటినా లేవడు. క్లారినెట్ వాయించేవాడు వాడి మీదికి వంగి మరీ ఊదుతాడు. ఆ బాణీ 1954 నాటి హిందీ సినిమా ‘నాగిన్’ లోది, సంగీతం హేమంత్ కుమార్. సినిమాలో వినిపించింది అసలైన నాగస్వరం కాదు. కల్యాణ్‌జీ క్లావియోలిన్ అనే విద్యుత్ వాద్యం మీద, రవి హార్మోనియం మీద పలికించినది. పాములవాడు లేకుండా పుట్టిన ఆ పాట ఇన్నేళ్లుగా దేశమంతా పెళ్లికొడుకు స్నేహితుల్ని పాముల్ని చేస్తూనే ఉంది.

జంటనగరాల పండుగల్లో తీన్‌మార్ స్థానం వేరే చెప్పక్కర్లేదు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల కథ కూడా ఒక సైనిక దళం కథే. 1813లో నగరంలో మహమ్మారి చెలరేగినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న దళంలోని డోలీ మోసే సురిటి అప్పయ్య అమ్మవారికి మొక్కుకుని, తిరిగొచ్చి 1815లో విగ్రహం ప్రతిష్ఠించాడని చెబుతారు. పాతబస్తీలో హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయం ఘటం ఏనుగు మీద కదులుతుంది, దాని ముందూ వెనకా పోతరాజుల చిందుకు డప్పులే ఊపిరి. ఇటు మహేశ్వరం అసెంబ్లీ నియోజకవర్గంలోని బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన గణేశ్ లడ్డూ వేలం 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకు చేరింది. లడ్డూ పాట ముగిశాకే అక్కడి శోభాయాత్ర హుస్సేన్‌సాగర్ వైపు కదులుతుంది.

దరువు పేరు తెరకెక్కింది కూడా. 2011లో పవన్ కల్యాణ్ సినిమా ‘తీన్‌మార్’ వచ్చింది. తెలంగాణ యాసలో వార్తలు చెప్పిన వీ6 ఛానల్ కార్యక్రమం ‘తీన్‌మార్ వార్తలు’తో ఆ మాట ఇంటింటికీ చేరింది. అందులో కనిపించినవారికి ఇంటిపేరులా అంటుకుని, తీన్‌మార్ మల్లన్న అనే పేరు చట్టసభ దాకా వెళ్లింది.

ఇప్పటి చర్చ తోలు గురించి. వానలో తడవని, కాచే పని లేని ప్లాస్టిక్ డప్పులు వచ్చాయి. ప్యాడ్ బ్యాండ్లు, డీజేలు వచ్చాయి. అమెరికా కోర్‌లలో 2000లో బ్యూగుళ్ల బదులు ఏ శ్రుతి ఇత్తడి వాద్యాన్నైనా అనుమతించినప్పుడు అక్కడి అభిమానులూ ఇలాగే చీలిపోయారు. ప్లాస్టిక్ డప్పు తేలిక, ఖర్చూ తక్కువ. వాయించేవాడి కష్టం చూస్తే దాన్ని తప్పుపట్టలేం. నాదంలో మాత్రం తోలుకు అది సాటిరాదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించడం మేళగాళ్లకు మేలు చేయగల నిర్ణయం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. నిజాం దళాల నుంచి వీధిలోకి వచ్చి ఈ మేళాన్ని నిలబెట్టిన సిద్దీ, చావుష్ మర్ఫా కళాకారులకు కూడా అలాంటి గుర్తింపు దక్కాలి.