దయ్యాన్ని నమ్మిన సంశయవాదులు

1485లో ఆస్ట్రియాలోని ఇన్‌స్‌బ్రుక్ పట్టణానికి హైన్‌రిష్ క్రామర్ అనే డొమినికన్ సన్యాసి వచ్చాడు. మంత్రగత్తెలను పట్టి శిక్షించే అధికారం నీదేనంటూ పోప్ ఇచ్చిన పత్రం అతని చేతిలో ఉంది. హెలెనా షాయ్‌బెరిన్ అనే ఆవిడ మాత్రం అతన్ని ఖాతరు చేయలేదు. నడివీధిలో తిట్టిపోసింది, అతని ప్రసంగాలకు వెళ్లొద్దని ఇరుగుపొరుగుకి చెప్పింది. క్రామర్ ఆమెను, మరో ఆరుగురు స్త్రీలను విచారణకు ఈడ్చాడు. తీరా విచారణలో అతనడిగినవన్నీ ఆమె పడకగది సంగతులే. బిషప్ తరఫున కూర్చున్నవాళ్లకే రోత పుట్టి అభ్యంతరం చెప్పారు. కేసు కొట్టేశారు. బిషప్ గేయోర్గ్ గోల్సర్ అతన్ని ఊరు విడిచి పొమ్మన్నాడు. ముసలితనంలో మతి చలించిందని ఒక ఉత్తరంలో రాశాడు కూడా.

ఆ పరాభవంతో వెళ్లిన క్రామర్ మరుసటి ఏడాదికల్లా ఒక పుస్తకం అచ్చేయించాడు. దాని పేరు 'మల్లెయుస్ మలెఫికారుం', అంటే మంత్రగత్తెలను చితగ్గొట్టే సుత్తి. ఎవరిని అనుమానించాలో, ఎలా ప్రశ్నించాలో, ఎప్పుడు చిత్రహింస పెట్టాలో అన్నీ అందులో ఉన్నాయి. అప్పుడప్పుడే ఊపందుకుంటున్న అచ్చుయంత్రాలు దాన్ని యూరప్ అంతా తిప్పాయి.

ఈ కథలో క్రామర్‌ని మూఢుడనీ, బిషప్‌ని హేతువాది అనీ చదువుకుంటే తప్పుదారి పట్టినట్టే. ఆ బిషప్‌కి సైతాను ఉన్నాడన్న విషయంలో రవ్వంత సందేహం లేదు. దయ్యాల చరిత్రను నమ్మేవాళ్లకూ నమ్మనివాళ్లకూ మధ్య పోరుగా చెప్పడం మనకు అలవాటైపోయింది. రికార్డులు తిరగేస్తే కనిపించేది వేరు. మంత్రగత్తెల వేటను ఆపినవాళ్లలో చాలామంది దేవుణ్నీ దయ్యాన్నీ కూడా నమ్మినవాళ్లే. దయ్యాలకు వకాల్తా పుచ్చుకున్నవాళ్లలో శాస్త్రవేత్తలూ ఉన్నారు.

అసలు క్రామర్‌కి ఐదారు వందల ఏళ్ల ముందు చర్చి వైఖరి దాదాపు తలకిందులుగా ఉండేది. పదో శతాబ్దం మొదట్లో రెగినో అనే మఠాధిపతి కూర్చిన చర్చి నిబంధనల్లో ఒక శాసనం ఉంది. రాత్రిపూట డయానా దేవతతో కలిసి జంతువులెక్కి ఊరేగుతున్నామని కొందరు స్త్రీలు అనుకుంటారనీ, అది సైతాను కల్పించే కల మాత్రమేననీ, నిజంగా జరుగుతుందని నమ్మడమే మతవిశ్వాసానికి విరుద్ధమనీ దాని సారాంశం. అంటే ఒకప్పుడు మంత్రగత్తెలు గాల్లో ఎగురుతారని నమ్మితే పాపం. క్రామర్ నాటికి నమ్మకపోతే పాపం. 1450, 1750 మధ్య యూరప్‌లో మంత్రవిద్య నేరం కింద ప్రాణాలు పోయినవారు 40 వేల నుంచి 60 వేల మంది దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. వారిలో నాలుగింట మూడు వంతుల మంది స్త్రీలు.

గట్టిగా ఎదురు చెప్పిన తొలి వ్యక్తుల్లో యోహాన్ వెయర్ అనే ఆస్థాన వైద్యుడు ఒకడు. 1563లో వచ్చిన అతని పుస్తకం వాదన విచిత్రంగా ఉంటుంది. సైతాను మహా బలవంతుడు, మాయలమారి. అంతటివాడికి ఒక పళ్లూడిన ముసలమ్మ సాయం దేనికి? విచారణలో ఆమె చేసే ఒప్పుకోళ్లన్నీ మనోవ్యాధి లక్షణాలు, ఆమెకు కావలసింది వైద్యం, చితి కాదు. ఇంతా రాసిన పెద్దమనిషి 1577 ముద్రణకు అనుబంధంగా 69 మంది పిశాచాల పేర్లు, హోదాలు, వారి కింద ఉన్న దళాల లెక్కలు కూడా చేర్చాడు! వెక్కిరింతకే ఆ పట్టిక ఇచ్చానన్నాడు గానీ, తర్వాతి కాలపు మంత్రగాళ్లు దాన్ని భక్తిగా నకలు చేసుకున్నారు.

ఇంగ్లండ్‌లో రెజినాల్డ్ స్కాట్ 1584లో మరో దారి పట్టాడు. నాలుకలో కత్తి గుచ్చుకోవడం, తెగిన తల మాట్లాడటం లాంటి గారడీల గుట్టంతా బొమ్మలతో సహా విప్పి చెప్పాడు. స్కాట్లండ్ రాజు ఆరో జేమ్స్‌కి ఒళ్లు మండింది. తను ఎక్కిన ఓడ మీదికి మంత్రగత్తెలే తుఫాను పంపారని నమ్మిన మనిషాయన. 1597లో ఏకంగా పిశాచశాస్త్రం మీదే పుస్తకం రాసి, అందులో స్కాట్‌నీ వెయర్‌నీ పేరుపెట్టి దుయ్యబట్టాడు. ఇదే రాజు ఇంగ్లండ్ సింహాసనం ఎక్కాక, 1616లో లెస్టర్‌లో ఒక కుర్రాడి పూనకాన్ని ఆధారం చేసుకుని తొమ్మిది మంది స్త్రీలను ఉరితీశారు. కొన్ని వారాలకు అటుగా వచ్చిన రాజు ఆ కుర్రాణ్ని స్వయంగా పరీక్షించి, అంతా నటనేనని తేల్చాడు. తొమ్మిది ప్రాణాలు పోయాక.

ఈ చరిత్రలో అందరికంటే నిదానంగా ఆలోచించిన మనిషి ఎక్కడివాడో చెబితే ఆశ్చర్యం కలుగుతుంది. మతద్రోహాన్ని విచారించే చర్చి న్యాయస్థానమైన స్పెయిన్ ఇన్‌క్విజిషన్‌లో న్యాయాధికారి అలోన్సో దె సలజార్ ఫ్రియాస్. 1610 నవంబర్‌లో లొగ్రోన్యో పట్టణంలో బాస్క్ ప్రాంతపు మంత్రగత్తెలంటూ ఆరుగురిని సజీవంగా తగలబెట్టారు. చెరలోనే చనిపోయిన మరో ఐదుగురి బొమ్మలను దహనం చేశారు. తీర్పిచ్చిన ముగ్గురిలో సలజార్ ఒకడు, ఆధారాలు చాలవని గొణిగినవాడూ అతడే. మరుసటి ఏడాది క్షమాభిక్ష ప్రకటనతో అతన్ని ఆ కొండ ఊళ్లకు పంపారు. నెలల తరబడి తిరిగి 1,802 మంది చెప్పింది రాయించుకున్నాడు. వారిలో 1,384 మంది పిల్లలు!

సలజార్ చేసిన పని ఈనాటి నేర పరిశోధకుడి పనిలాగే ఉంటుంది. మంత్రగత్తెల సమావేశాలు జరిగాయన్న చోటికి సాక్షులను విడివిడిగా తీసుకెళ్లి, ఎక్కడ కూర్చున్నారు, ఏ దారిన వచ్చారు అని అడిగించాడు. ఒకరు చెప్పింది ఇంకొకరికి పొసగలేదు. ఒంటికి రాసుకుని ఎగిరేవాళ్లమంటూ జనం అప్పగించిన లేపనాలను వైద్యులకు చూపించి, జంతువుల మీద ప్రయోగించి చూశాడు. ఏమీ కాలేదు. చాలామటుకు అవి భయపడి అప్పటికప్పుడు కలిపిన మడ్డి. ఈ విషయం గురించి ఊళ్లలో మాట్లాడటం, రాయడం మొదలయ్యేదాకా అక్కడ మంత్రగత్తెలూ లేరు, వాళ్ల బాధితులూ లేరని పైవాళ్లకు నివేదించాడు. 1614లో ఇన్‌క్విజిషన్ పెద్దల సభ అతని సూచనలను దాదాపుగా అంగీకరించింది. జర్మన్ రాజ్యాల్లో చితులు ఇంకా మండుతున్న కాలంలో, పేరు వింటేనే గుండె జారే ఇన్‌క్విజిషన్ తన పరిధిలో వాటిని ఆర్పేసింది. ఆ జర్మన్ రాజ్యాల్లోనే 1631లో ఫ్రీడ్‌రిష్ ష్పే అనే జెసూట్ పాదిరి పేరు దాచుకుని రాసిన పుస్తకంలో ఒకటే మాట తిప్పి తిప్పి చెప్పాడు: ఆ చిత్రహింస మనకు పెడితే మనమూ మంత్రగాళ్లమేనని ఒప్పుకుంటాం.

లండన్‌లో మాత్రం గాలి ఎదురు వీచింది. రాయల్ సొసైటీ సభ్యుడు జోసెఫ్ గ్లాన్‌విల్, టెడ్‌వర్త్ అనే ఊళ్లో ఒక ఇంట్లో దానంతటదే మోగిన డోలు కథను సాక్ష్యాలతో సహా సేకరించాడు. దయ్యం లేదంటే రేపు ఆత్మ లేదంటారు, ఎల్లుండి దేవుడే లేడంటారన్నది అతని భయం. ఆమ్‌స్టర్‌డామ్‌లో బాల్తజార్ బెకర్ అనే పాదిరి 1691లో అందుకు పూర్తిగా విరుద్ధంగా రాశాడు. దేవుడే సర్వశక్తిమంతుడైతే ఈ లోకంలో సైతానుకు అధికారం ఎక్కడిది? అతని వాదన భక్తిలోంచి పుట్టిందే. చర్చి మరుసటి ఏడాది అతన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. అదే 1692లో అమెరికాలోని సేలంలో 19 మందిని ఉరితీశారు. ఫలానా ఆమె ఆత్మ వచ్చి నన్ను గిల్లిందని చెబితే కోర్టు సాక్ష్యంగా తీసుకుంది. ఆ సాక్ష్యం చెల్లదని అక్టోబర్‌లో గట్టిగా వాదించిన ఇంక్రీజ్ మాథర్ కూడా మతబోధకుడే, సైతానును నమ్మినవాడే.

బ్రిటన్ 1735లో చట్టం మార్చింది. మంత్రవిద్య అనే నేరం పోయి, ఆ విద్య నాకుందని చెప్పుకోవడం నేరమైంది. నిందితులు మారారు. ఇరుగుపొరుగు వేలెత్తి చూపిన ముసలమ్మ తప్పించుకుంది, దయ్యాన్ని పిలుస్తానని డబ్బు గుంజేవాడు దొరికాడు. ఈ చట్టం ఎంత గట్టిగా నిలిచిందంటే, 1944లో ఆత్మలతో మాట్లాడిస్తానన్న హెలెన్ డంకన్ అనే మీడియంని దీనికిందే జైల్లో పెట్టారు.

పంతొమ్మిదో శతాబ్దంలో దయ్యం వేషం మార్చుకుని డ్రాయింగ్ రూముకి వచ్చింది. 1848లో న్యూయార్క్ రాష్ట్రంలో ఫాక్స్ అక్కచెల్లెళ్లు విన్న టకటక శబ్దాలతో ఆత్మలతో మాట్లాడే వేడుక మొదలై సముద్రాలు దాటింది. కాలివేళ్ల కీళ్లతో ఆ చప్పుళ్లు చేశామని వారిలో ఒకామె 1888లో వేదికెక్కి చెప్పి, మరుసటేడు ఆ మాట వెనక్కి తీసుకుంది. బల్లలు వాటంతటవే కదులుతున్నాయన్న వెర్రి ముదిరినప్పుడు, తెలియకుండా తోస్తున్నవి కూర్చున్నవాళ్ల చేతులేనని 1853లో ప్రయోగం చేసి చూపినవాడు మైకేల్ ఫారడే, పరమ నిష్ఠాపరుడైన క్రైస్తవుడు. థాలియం మూలకాన్ని కనిపెట్టిన విలియం క్రూక్స్, పరిణామ సిద్ధాంతంలో డార్విన్‌కి జతగా నిలిచిన వాలెస్ మాత్రం ఆత్మలను నమ్మారు.

ఈ కథ మద్రాసు దాకా వచ్చింది. దివ్యజ్ఞాన సమాజాన్ని స్థాపించిన బ్లావట్‌స్కీ, ఆల్కాట్ 1882 చివర్లో దాని కార్యాలయాన్ని అడయారుకి తెచ్చారు. వారిని ఇటు రప్పించడంలో కాకినాడ ప్రాంతపు న్యాయవాది తల్లాప్రగడ సుబ్బారావు పాత్ర ఉంది. కంటికి కనిపించని మహాత్ముల నుంచి ఒక మందిరంలోకి ఉత్తరాలు వచ్చి పడేవన్నది అక్కడి వింత. ఆత్మల వ్యవహారాలపై పరిశోధించే లండన్ సంఘం పంపిన రిచర్డ్ హాడ్జ్‌సన్ 1884 డిసెంబర్‌లో వచ్చి, అదంతా రహస్యపు తలుపుల మాయ అని, ఉత్తరాలు దొంగరాత అని నివేదిక ఇచ్చాడు. ఆ నివేదికలో లోపాలున్నాయని నూరేళ్లకు, 1986లో అదే సంఘం పత్రికలో వ్యాసం వచ్చింది. అంతకంటే పెద్ద వింత హాడ్జ్‌సన్‌దే. ఇంతటి నిలువెత్తు సంశయాత్ముడు తర్వాత అమెరికాలో లియొనోరా పైపర్ అనే మీడియంని ఏళ్ల తరబడి పరిశీలించి, చనిపోయినవాళ్లు మాట్లాడతారని నమ్మి మరీ కన్నుమూశాడు.

మన దగ్గర భూతవైద్యం ఆయుర్వేదపు ఎనిమిది అంగాల్లో ఒకటి. పల్లెలో సోది, రక్షరేకు, వేపమండల దెబ్బలు. కందుకూరి వీరేశలింగం తన స్వీయచరిత్రలో, తల్లికి దయ్యం పట్టిందంటూ ఇంటికొచ్చిన మంత్రగాళ్ల ఆర్భాటాన్ని చెప్పుకొచ్చారు. వాళ్లతో ఆయన పడ్డ పేచీ జీవితమంతా సాగింది. ఆయన నాస్తికుడు కాదు, రాజమండ్రిలో ప్రార్థన సమాజం పెట్టిన ఏకేశ్వరవాది. గురజాడ చేతిలో ఈ వ్యవహారం నవ్వుల పాలైంది. కన్యాశుల్కంలో పూజారి గవరయ్య దయ్యాన్ని సీసాలో బిగించే ఘట్టం చూశాక ఏ భూతవైద్యుడూ మునుపటంత గంభీరంగా కనబడడు. పూర్తి నాస్తికత్వంతో ఊళ్లోకి దిగినవాడు గోరా. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో మొదలైన ఆయన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు మారింది.

అయినా తెలంగాణ పల్లెల్లో బాణామతి మాట చావలేదు. పశువు పడిపోయినా, పసిబిడ్డ జ్వరంతో పోయినా వేలు ఒకరి మీదికే లేస్తుంది. తరచూ ఆ ఒకరు ఒంటరి స్త్రీ, లేదా పొలం గట్టు తగాదా ఉన్న దాయాది. మంత్రం నోట పలక్కుండా పళ్లు రాలగొట్టిన ఘటనలున్నాయి, కొట్టి చంపినవీ ఉన్నాయి.

పక్కనున్న మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ అనే వైద్యుడు దీనికొక చట్టం కావాలని ఏళ్లపాటు అడిగాడు. దేవుడి మీదికి వస్తున్నారని ఎదిరించినవాళ్లకు, ముసాయిదాలో దేవుడి ప్రస్తావనే లేదని చెబుతూ వచ్చాడు. 2013 ఆగస్టు 20న పుణెలో ఉదయపు నడకకు వెళ్లినప్పుడు అతన్ని కాల్చి చంపారు. రోజుల్లోనే ఆర్డినెన్స్, డిసెంబర్‌లో చట్టం వచ్చాయి. చేతబడి, నరబలి వగైరాలపై చేసిన ఆ చట్టానికి ఒక షెడ్యూలు ఉంది. దయ్యం వదిలిస్తామంటూ తాళ్లతోనో గొలుసులతోనో కట్టేయడం, కొరడాతో కొట్టడం, చెప్పులు నానబెట్టిన నీళ్లు తాగించడం, మిరపకాయల పొగ పెట్టడం, ఇంటి కప్పుకు వేలాడదీయడం అందులో మొదటి అంశం కిందే వస్తాయి. దయ్యం ఉందో లేదో ఆ షెడ్యూలు తేల్చదు. దాభోల్కర్ హత్య కేసులో పుణె కోర్టు 2024 మేలో ఇద్దరికి జీవితఖైదు విధించి, ముగ్గురిని విడిచిపెట్టింది.