రాక్షసుడు కూలిన ప్రతిసారీ

శుక్రవారం వస్తే కువైట్ సిటీలోని మాలియా, ముర్గాబ్ వీధుల్లో తెలుగు గట్టిగా వినిపిస్తుంది. రాజంపేట, రాయచోటి, గోదావరి జిల్లాల యాసలన్నీ ఒక్కచోట కలుస్తాయి. వారమంతా బండ్లు నడిపినవాళ్లు, దుకాణాల్లో నిలబడినవాళ్లు ఆ రోజు ఇంటికి డబ్బు పంపి, పిల్లలతో ఫోన్లో మాట్లాడి, సాయంత్రానికి ఎవరో ఒకరి గదికి చేరతారు. అలాంటి ఒక గదిలో ఓ శుక్రవారం ‘పాతాళభైరవి’ పెట్టారు. మంచాల మీద ఇద్దరిద్దరు, కింద చాప మీద నలుగురు. నేపాళ మాంత్రికుడు తెర మీదికి రాగానే గదిలో మాటలు ఆగిపోయాయి.

“చూడన్నా, వీడు చచ్చిపోతాడు, మళ్లా లేస్తాడు” అన్నాడు పక్కనున్న తమ్ముడు. తను పుట్టక ముందు ఎప్పుడో 1951లో వచ్చిన సినిమా అది. కథంతా అతనికి కంఠతా వచ్చు. అయినా కన్ను ఆర్పకుండా చూస్తున్నాడు. చచ్చిపోతాడని ముందే తెలిసినవాడి చావు కోసం ఇంత ఆత్రంగా ఎందుకు ఎదురుచూస్తాం? ఆ రాత్రి నాకు పట్టుకున్న ప్రశ్న ఇది. దీనికి జవాబు వెతికితే సామర్ల వెంకట రంగారావు అనే మహానటుడి దగ్గర ఆగాల్సి వచ్చింది.

తొలి టాకీలోనే రాక్షస సంహారం

తెలుగు తెర మాట్లాడటం మొదలుపెట్టిందే ఒక రాక్షసుడి చావు కథతో. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ మన తొలి టాకీ. అందులో హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య. పదేళ్ల తర్వాత అదే పాత్రను వేమూరి గగ్గయ్య వేశారు. అదే 1942లో జెమినీవారి ‘బాలనాగమ్మ’ వచ్చింది. గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీగా పిల్లల్ని హడలగొట్టారు. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడి కథను బుర్రకథల్లో వింటూ పెరిగిన జనానికి అది కొత్త కాదు. ఆ భయానికి ఒక ముఖం దొరకడం మాత్రం కొత్త.

పడమటి దేశాల్లో దీన్ని హారర్ సినిమా అన్నారు. మనం పౌరాణికం అన్నాం, జానపదం అన్నాం. పేర్లు వేరైనా పిల్లలు అమ్మ కొంగు చాటున దాక్కుని చూసిన దృశ్యాలు మాత్రం ఒకలాంటివే.

ఒకే సినిమాలో రెండు చావులు

రంగారావు 1918 జులై 3న నూజివీడులో పుట్టారు. సినిమాల్లోకి రాకముందు ఫైర్ ఆఫీసరుగా పనిచేశారు. నిప్పు నుంచి మనుషుల్ని కాపాడే ఉద్యోగం. 1946లో ‘వరూధిని’తో తెరకెక్కారు. అయిదేళ్ల తర్వాత కె.వి. రెడ్డి దర్శకత్వంలో, పింగళి నాగేంద్రరావు మాటలతో, మార్కస్ బార్ట్లే కెమెరాలో వచ్చిన ‘పాతాళభైరవి’ ఆయన్ని ఇంటింటి మాంత్రికుణ్ని చేసింది.

ఆ కథలో మాంత్రికుడు రెండుసార్లు చస్తాడు. కథానాయకుడు తోటరాముణ్ని దేవికి బలి ఇవ్వాలని తెచ్చి తానే బలి అవుతాడు. శిష్యుడు సదాజపుడు సంజీవనితో బతికిస్తాడు. చివరికి రాకుమారికి నచ్చాలన్న ఆశతో, శక్తులన్నీ దాగున్న గడ్డాన్ని తీసేయించుకుని అంతమవుతాడు. మొదటి చావు దురాశది, రెండోది మోహానిది. రంగారావు ఈ రెండింటినీ చివరి నిమిషానికి అట్టేపెట్టలేదు. తెర మీద అడుగుపెట్టిన క్షణం నుంచే ఆ వంగిన మెడలో, ఆ కళ్ల మెరుపులో, ‘డింభకా’ అనే పిలుపులోని చులకనలో తన చావుకు విత్తనం వేసుకుంటూ వచ్చారు. ఎదుటివాణ్ని అంత తక్కువగా చూసేవాడు ఎదుటివాడి చేతిలోనే పోతాడని మన మనసు ముందే పసిగడుతుంది. మనం ఎదురుచూసేది ఆ విత్తనం ఎప్పుడు మొలకెత్తుతుందా అని.

లండన్‌లో ఇంకో మహాకాయుడు

అక్కడ ఇంగ్లండులో 1958లో నటుడు క్రిస్టఫర్ లీ డ్రాక్యులాగా వచ్చాడు. ఆ సినిమాలో సూర్యకాంతి సోకి బూడిదైపోయాడు. 1966లో ఆ బూడిద మీద నెత్తురు పడితే మళ్లీ లేచాడు, ఈసారి మంచు పగిలి కింది నీళ్లలో మునిగాడు. ఆ సినిమాలో అతనికి ఒక్క మాట కూడా లేదు. తర్వాతి సినిమాల్లో శిలువ గుచ్చుకుని, పిడుగు పడి, చివరికి 1973లో ముళ్లపొదలో చిక్కుకుని చచ్చాడు. లీ అసలు మరణం 2015లో, తొంభై మూడేళ్ల వయసులో.

మాంత్రికుడికి సంజీవని, డ్రాక్యులాకు నెత్తురు. ఇద్దరూ లేచి వచ్చినవాళ్లే. అయితే లీ చావుల్లో ప్రేక్షకుడికి ముందు కలిగేది హమ్మయ్య అన్న ఊరట. రంగారావు చావుల్లో ఊరటతో పాటు గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

సావిత్రి ఎదుట

1960లో వచ్చిన ‘దీపావళి’లో రంగారావు నరకాసురుడు, సావిత్రి సత్యభామ. మూడేళ్ల తర్వాత కమలాకర కామేశ్వరరావు ‘నర్తనశాల’లో ఆయన కీచకుడు, ఆమె ద్రౌపది. ఒక కథలో ఆమె బాణం పట్టింది. రెండో కథలో ఆమె అవమానం భీముడి చేతికి బలమైంది. భీముడు దండమూడి రాజగోపాలరావు, నిజంగానే బరువులెత్తిన బలశాలి. ఆ సినిమా పేరే కీచకుడు చచ్చిన చోటి పేరు.

రంగారావు కీచకుడు అరిచి భయపెట్టడు. మత్తుగా నవ్వుతూ, తాపీగా నడుస్తూ వస్తాడు. తనకు కాదనే ఆడది ఉంటుందని ఊహించలేని మగవాడి ధీమా అది. కోరికే వాణ్ని చీకట్లో నర్తనశాలకు నడిపిస్తుంది. ఈ పాత్రకే 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. భాష తెలియని దేశం కూడా ఆ పతనాన్ని అర్థం చేసుకుంది.

తండ్రి కూలినప్పుడు

1967లో ఏవీఎం ‘భక్త ప్రహ్లాద’లో రోజారమణి ప్రహ్లాదుడు, రంగారావు హిరణ్యకశిపుడు. పగలు కాదు రాత్రి కాదు, లోపల కాదు బయట కాదు, మనిషి కాదు మృగం కాదు. చావుకు దారులన్నీ మూసుకున్నవాడికి సంధ్యవేళ గడప మీద నరసింహుడి గోళ్లు దారి చేశాయి. కానీ నాకు గుర్తుండేది ఆ గోళ్లు కాదు. కొడుకును ఏనుగుల పాలు చేయమన్న నోటితోనే వాణ్ని ముద్దు చేసిన తండ్రి కళ్లు. రాక్షసుడిలో ఒక తండ్రి ఉన్నాడు కాబట్టే, ఆ పొట్ట చీలినప్పుడు మన పొట్టలో కూడా కలుక్కుమంటుంది.

కువైట్‌లో కూర్చుని ఇది రాస్తుంటే ఈ దేశపు తొలి కథాచిత్రం ‘బస్ యా బహర్’ గుర్తొస్తుంది. 1972లో ఖాలిద్ అల్ సిద్దీఖ్ తీశారు. అందులో చనిపోయేది రాక్షసుడు కాదు, ముత్యాల కోసం సముద్రంలోకి దిగిన పేద యువకుడు. ఇక్కడి సముద్రం ఎవరి గర్వాన్నీ అణచలేదు, ఆశపడినవాణ్ని మింగింది. ఆ చావు చూసి ఏడుస్తాం, అది సహజం. రాక్షసుడి చావుకు కూడా లోలోపల చెమ్మగిల్లేలా చేయడం రంగారావు సాధించిన గొప్పతనం.

ఆఖరి సంహారం

1957లో ‘సతీ సావిత్రి’లో యముడు వేసిన రంగారావును అసలు యముడు 1974 జులై 18న మద్రాసులో తీసుకెళ్లాడు. గుండెపోటు. వయసు యాభై ఆరు. ఆ తర్వాతి ఏడాది ‘యశోద కృష్ణ’ విడుదలైంది, అందులో ఆయన కంసుడు. జనం హాల్లో కూర్చుని, లోకం విడిచిపోయిన మనిషి తెర మీద ఇంకోసారి మృత్యువుకు ఎదురెళ్లడం చూశారు.

ఆ శుక్రవారం మాంత్రికుడు రెండోసారి పోయాక గదిలో ఎవరూ లేవలేదు. “మాయాబజార్ పెట్టన్నా” అన్నాడు చాప మీద ఒకడు. భారతంలో ఘటోత్కచుడికీ చావు ఉంది, కర్ణుడి శక్తి ఆయుధానికి నేలకొరుగుతాడు. కానీ ‘మాయాబజార్’ కథ అంతదాకా పోదు, పెళ్లితోనే ఆగిపోతుంది. రంగారావు వేసిన ఆ మహాకాయుడు తెర మీద ఎప్పటికీ చావడు. పొద్దున్నే డ్యూటీకి పోవాల్సిన వాళ్లంతా, అయినవాళ్లకు దూరంగా ఉన్న వాళ్లంతా, ఆ రాత్రి ఘటోత్కచుడు లడ్డూలు మింగేదాకా నిద్రపోలేదు.