నీడ ఎవరిది? (ఎండల చరిత్ర - 3వ భాగం)



పోయిన భాగంలో నీళ్ళ గురించి రాశాను. 1927లో మహద్ చెరువు దగ్గర మొదలుపెట్టి 1985 జూలైలో కారంచేడు మాదిగపల్లె చెరువు దాకా వచ్చాం. అది చదివి కొందరు తమ్ముళ్ళు అడిగారు: "అన్నా, వాతావరణ మార్పు, ఆరోగ్యం అని మొదలుపెట్టి కారంచేడులోకి పోయారేంటి?" అని. తాగే నీళ్ళలో గేదెల కుడితి బాల్చీ కడగొద్దు అన్నారు మనోళ్ళు. ఆ మాట అన్న మర్నాడు ఆరుగురిని నరికి చంపారు. తాగునీటిని కాపాడుకోవడం పర్యావరణ పోరాటం కాకపోతే ఇంకేది అవుతుంది? పేపర్ బ్యాగులు పంచడమా?

ఈ వారం నీడ గురించి.

మన భాషలో 'నీడ' అనే మాటకి రెండు అర్థాలున్నాయి. మనిషి వెంట నడిచేదీ నీడే, చెట్టు కింద దొరికేదీ నీడే. ఇంగ్లీషులో ఈ రెండింటికీ వేరు వేరు మాటలున్నాయి, తెలుగుకి ఒకటే సరిపోయింది. కులం మాత్రం ఈ రెండు నీడల్నీ వేరు చేసింది. మన ఒంటి నీడ వాళ్ళ మీద పడితే మైల. వాళ్ళ చెట్టు నీడ మన మీద పడితే అతిక్రమణ. పీష్వాల రాజ్యంలో అంటరానివాళ్ళ నీడ సవర్ణుల మీద పడకూడదని వీధుల్లో నడవనివ్వలేదని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశారు. దాన్ని మనం ఎప్పుడూ అవమానం కిందే చదివాం. అది ఆరోగ్యం సంగతి కూడా అని నాకు ఈ మధ్యనే తట్టింది. నీడ పడకూడనివాడు గోడ వారగా, అరుగు పక్కగా, చెట్టు కిందగా నడవలేడు. నడి ఎండలో నడవాలి.

ఇక మా బాపులపాడుకి వద్దాం.

హనుమాన్ జంక్షన్ పక్కనే మా ఊరు. దక్షిణానికి పోతే డెల్టా, కాలవ నీళ్ళు, వరి. ఉత్తరానికి నూజివీడు రోడ్డెక్కితే మెట్ట, ఎర్రనేల, మామిడి. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855కల్లా అయిపోయింది. కాలవలొచ్చి కింద భూములు పచ్చబడ్డాయి. పైన నూజివీడు జమీందార్ల ఏలుబడిలో తోటలు పెరిగాయి. చిన్న రసం, పెద్ద రసం, బంగినపల్లి, కలెక్టరు. ఈ పేర్లు చెప్తే బెజవాడ నుంచి బోస్టన్ దాకా మన తెలుగోళ్ళకి నోరూరుతుంది. 2022లో జిల్లాలు చీల్చినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయింది, మేం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయాం. ఎండకి ఆ గీత తెలీదు లెండి.

1948లో మద్రాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. జమీందారీ పోయింది. భూమి చాలావరకు రైతువారీ పట్టాగా సాగులో ఉన్న కులాల చేతికి పోయింది. తోట తవ్విన పాలేరు పాలేరుగానే మిగిలాడు. అదే 1948లో ఢిల్లీలో ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. అందులో 13వ సెక్షన్ చదవండి. ఫ్యాక్టరీలో గాలి ఆడాలి, పనివాళ్ళకి ఇబ్బంది లేని ఉష్ణోగ్రత ఉండాలి అని రాశారు. మంచిదే. పొలంలో, తోటలో పనిచేసే మనిషి ఒంటికి ఎంత వేడి దాటకూడదో చెప్పే సెక్షన్ మాత్రం ఏ చట్టంలోనూ లేదు. రేకు కప్పు కింద ఉన్నవాడికి చట్టం ఉంది, ఏ కప్పూ లేనివాడికి లేదు.

మామిడి తోట అంటే నీడే కదా, అక్కడ ఎండేంటి అంటారేమో. తోటలో పని చేసినవాళ్ళని అడగండి. కాయ కోతకొచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. కాయలో తీపి చేరాలంటే ఎండ ముదరాలి. అంటే మన ప్రాంతపు ముఖ్యమైన పంట కూలి సరిగ్గా ఏడాదిలో మనిషి బయటికి రాకూడని రోజుల్లోనే దొరుకుతుంది. దోటి పట్టుకుని, చిక్కంలోకి కాయ దింపుతూ మెడ పైకెత్తి గంటల తరబడి నిలబడాలి. కాయ చెట్టు లోపల కన్నా ఎండ తగిలే అంచు కొమ్మలకే ఎక్కువ ఉంటుంది. ఆ బుట్టలు నెత్తిన పెట్టుకుని దారి దాకా మొయ్యాలి. లారీలో ఎత్తాలి. ఆ తర్వాత నున్న మార్కెట్లో దింపుడు. నీడ ఉన్నది చెట్టు మొదట్లో. అక్కడ మంచం వేసుకుని కూర్చునేది తోట కొన్న షావుకారు.

"రోహిణి కార్తె ఎండలకి రోళ్ళు పగులుతాయి" అన్నారు పెద్దలు. రోలు సంగతి చెప్పారు గానీ, ఆ రోట్లో దంచే ఆడమనిషి సంగతి సామెతలో లేదు.

ఇప్పుడు కొంచెం ఒంటి సంగతి. మన ఒళ్ళు లోపల 37 డిగ్రీల దగ్గర ఉండాలి. పని చేస్తే కండరాలు వేడి పుట్టిస్తాయి. ఆ వేడిని బయటికి పంపేది చెమట. చెమట కారితే సరిపోదు, ఆరాలి. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు, కారిపోతుంది అంతే. అందుకే పల్నాడు రెంటచింతల ఎండ వేరు, మన ఎండ వేరు. వార్తల్లో రెంటచింతల పేరే ముందు వస్తుంది, అంకె అక్కడ పెద్దది. మనకి ఒకవైపు సముద్రం, ఒకవైపు కొల్లేరు. అంకె ఒకటి రెండు తక్కువున్నా ఉక్క ప్రాణం తీస్తుంది. ఒంట్లో వేడి 40 దాటితే మెదడు తప్పుతుంది, మాట తడబడుతుంది, మనిషి పడిపోతాడు. పక్కనున్నవాళ్ళు "తాగొచ్చాడు" అనుకుంటారు. చాలాసార్లు ఆ అనుకోవడంలోనే చికిత్స అందాల్సిన గంట దాటిపోతుంది. అలా పడిపోయిన మనిషిని నీడకి లాగండి, బట్ట వదులు చెయ్యండి, ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరండి, 108కి ఫోన్ చెయ్యండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యకండి.

ఇంకో సంగతి. టీవీలో 44 డిగ్రీలు అని చెప్తారు కదా, అది నీడలో కొలిచిన లెక్క. వాతావరణ శాఖ వాళ్ళు థర్మామీటర్‌ని గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నేలకి మనిషి ఛాతీ ఎత్తున పెడతారు. దాన్ని స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. 'ట్రెజర్ ఐలాండ్' రాసిన స్టీవెన్సన్ నాన్న కనిపెట్టింది. శాస్త్రానికి అలా కొలవడమే సరైనది, నాకు పేచీ లేదు. కానీ ఆలోచించండి, మన గన్నవరంలో థర్మామీటర్‌కి కూడా నీడ ఉంది. ఆ అంకె విని "పర్లేదు, 42యే" అని కూలికి పిలిచే మేస్త్రి, ఎండలో నిలబడ్డ మనిషికి ఆ పైన ఇంకా కొన్ని డిగ్రీలు తగులుతాయని చెప్పడు. అతనికీ ఎవరూ చెప్పలేదు.

ఇక చావుల లెక్క.

2002 మే నెలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకి వెయ్యి మందికి పైగా పోయారు. 2003లో మళ్ళీ వెయ్యి దాటింది. 2015 మే చివర్లో ఇంకా ఘోరం. జూన్ మొదటికల్లా ఆంధ్రాలో 1,700 మందికి పైగా అని వార్తల్లో వచ్చింది, తెలంగాణలో ఐదు వందలు దాటింది. తర్వాత ఖరారైన లెక్కలో ఆంధ్రా అంకె 1,369 అయింది. మిగతా మూడు వందల పైచిలుకు మంది బతికి రాలేదు. వాళ్ళ చావుకి కాగితం కుదరలేదు, అంతే.

ఆ కాగితం ఎలా కుదురుతుందో తెలుసుకోవాలి. వడదెబ్బ చావని తేల్చాలంటే మండలంలో తహసీల్దారు, ఎస్సై, ప్రభుత్వ డాక్టరు ముగ్గురూ కలిసి చెప్పాలి. అప్పుడే ఆ ఏడాది ప్రకటించిన లక్ష రూపాయలు. పోస్టుమార్టం కావాలి. మా వాడలో ఒక పెద్దావిడ, నాకు అమ్మమ్మ వరస, ఆ మే నెలలో తోట నుంచి వచ్చి గుమ్మంలో కూలబడి సాయంత్రానికి పోయింది. ఆ ఎండకి శవాన్ని ఉంచలేక మర్నాడు పొద్దున్నే సమాధి చేశారు. ఆ తర్వాత కొడుకు ఒక ఆఫీసు చుట్టూ మూడు వారాలు తిరిగాడు. "వయసైపోయింది, గుండె ఆగింది" అని రాసి పంపేశారు. ఏ చావులోనైనా చివరికి గుండె ఆగుతుంది కదండీ. ఎందుకు ఆగిందన్నదే ప్రశ్న.

చావుల్ని ఇలా ఒక్కో శవాన్నీ పట్టుకుని లెక్కపెట్టే పద్ధతే తప్పు అని చూపించిన ఊరు ఒకటుంది. అహ్మదాబాద్. 2010 మేలో అక్కడ ఎండలు మండాయి. పరిశోధకులు ఒక సింపుల్ పని చేశారు. ఆ నెలలో ఊళ్ళో అన్ని కారణాలతో పోయినవాళ్ళెందరు, దానికి ముందూ వెనకా ఏళ్ళలో అదే నెలలో ఎందరు, తేడా ఎంత? 1,344 మంది ఎక్కువ. దీని మీదే 2013లో ఆ నగరం ఎండల ప్రణాళిక తయారు చేసుకుంది, దేశంలో అదే మొదటిది. మన పంచాయతీల్లోనూ జనన మరణాల రిజిస్టర్లు ఉన్నాయి. 2015 మే పేజీ తీసి 2013, 2014 మే పేజీల పక్కన పెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కులం కాలమ్ అందులో ఉండదు. వాడ పేరు చూస్తే తెలిసిపోతుంది.

పగలు కాసిన ఎండని రాత్రి ఒళ్ళు దించుకోవాలి. దించుకోలేకపోతే మర్నాటి ఎండ దాని మీద పేరుకుంటుంది. అందుకే ఇల్లు ముఖ్యం. మా తాతల కాలంలో తాటాకు గుడిసెలు. చల్లగా ఉండేవి. కానీ వేసవిలో ఒక్క నిప్పురవ్వ పడితే పల్లెకి పల్లె తగలబడేది. కాబట్టి ఆ రోజులే బాగున్నాయి అని పాడేవాళ్ళతో నేను కలవను. తర్వాత సిమెంటు రేకులొచ్చాయి. అగ్గి భయం పోయింది, ఇల్లే పొయ్యి అయింది. ఆ తర్వాత స్లాబు కాలనీలు. 2020 డిసెంబరు నుంచి ఇచ్చిన ఇళ్ళ స్థలాలు పల్లెల్లో సెంటున్నర. అంటే 72 గజాల పైన కొంచెం. పట్టా ఆడవాళ్ళ పేరున రావడం గొప్ప సంగతే, కాదనను. కానీ ఆ సెంటున్నరలో ఇల్లు, మరుగుదొడ్డి కట్టాక వేపమొక్క ఎక్కడ పెడతారు? మామిడి సీమలో పుట్టి సొంత మామిడి చెట్టు లేనివాళ్ళం మనం.

ఎవరి సొత్తూ కాని నీడ ఒకటుండేది, రోడ్డు పక్క చెట్లది. పాత ట్రంకు రోడ్డు వెంట చింతలు, రావులు, నిద్రగన్నేర్లు. కూలికి పోయొచ్చేవాళ్ళు ఆగి సద్ది విప్పుకునేవాళ్ళు, లెమ్మనే హక్కు ఎవరికీ లేదు. రోడ్డు నాలుగు వరసలైంది, ఆరు వరసలైంది, జంక్షన్‌కి బైపాస్ వచ్చింది. చెట్లు పోయి డివైడర్లో గన్నేరు మొక్కలొచ్చాయి. వాటి కింద కుక్కపిల్లకి కూడా నీడ చాలదు.

వడదెబ్బ ఒక్కరోజులో చంపేది. నెమ్మదిగా చంపేది ఇంకొకటుంది, కిడ్నీ. నూజివీడు దాటి తిరువూరు వైపు పోతే ఎ. కొండూరు మండలం. అక్కడి లంబాడా తండాల్లో ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బు. శ్రీకాకుళంలో ఉద్దానం సంగతి అందరికీ తెలుసు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. కారణం నీళ్ళా, నేలలో ఖనిజాలా, మందులా, ఇంకేదైనానా అన్నది ఇంకా తేలలేదు. అయితే సముద్రాలవతల ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు తోటల్లోనూ కుర్ర కూలీలకి ఇలాంటి జబ్బే వచ్చింది. షుగరు లేదు, బీపీ లేదు, కిడ్నీ పాడు. రోజూ ఎండలో నీళ్ళు లేక ఒళ్ళు ఎండిపోతూ చేసే చాకిరీకీ దానికీ గట్టి సంబంధం ఉందని అక్కడి పరిశోధకులు చెప్పారు. వాళ్ళు పెట్టిన మందు మూడు మాటలు: నీళ్ళు, విశ్రాంతి, నీడ. మూడూ మన దగ్గర కులాన్ని బట్టి పంచినవే.

"ఎండలు ఎప్పుడూ ఉన్నవేగా" అనే మాట వినపడుతుంది. ఉన్నాయి. 2015 ఎండల్ని లెక్కేసిన శాస్త్రవేత్తలు, వేడికి తేమ కూడా కలిపి చూస్తే, మనుషులు తగలబెట్టిన బొగ్గు, చమురు వల్ల అలాంటి ఉక్క వచ్చే అవకాశం బాగా పెరిగిందని తేల్చారు. ఆ బొగ్గు, ఆ చమురు మన తోట కూలీ తగలబెట్టలేదు. అతని ఇంట్లో ఒక ఫ్యాను, రెండు బల్బులు. ఏసీ ఇంట్లో ఒకడు చల్లబడుతుంటే దాని వెనక పెట్టె వేడి గాలిని వీధిలోకి ఊదుతుంది. వీధిలో ఉన్నది ఎవరు?

ప్రభుత్వం ఏం చేసిందో కూడా చెప్పాలి. ఉపాధి హామీ 2006లో మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. పొద్దున్నే పని ముగించుకుని ఎండ ముదిరేలోపు ఇంటికి చేరొచ్చు అన్నది కూలీలకి దొరికిన పెద్ద ఊరట. తర్వాత ఫోన్ యాప్ హాజరు వచ్చింది, 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. రోజుకి రెండుసార్లు ఫోటో. పని అయిపోయినా రెండో ఫోటో కోసం గట్టు మీద కూర్చోవాలి. నీడ ఉంటే నీడలో, లేకపోతే కొంగు కింద.

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడగాల్పుని రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవాళ్ళ కుటుంబానికి 4 లక్షలు అంది. కేంద్రం విపత్తుల జాబితాలో తుఫాను ఉంది, పిడుగు లేదన్నా రాష్ట్రాలు చేర్చుకున్నాయి, వడగాల్పు మాత్రం అప్పటికి లేదు. తుఫాను ఇల్లు కూల్చేస్తుంది, మేడ కూడా ఊగుతుంది కాబట్టి అందరికీ కనపడుతుంది. ఎండ మేడని ఏం చేయదు.

మీ మీ ఊళ్ళలో 2002, 2003, 2015 మే నెలల్లో పోయినవాళ్ళ వివరాలు ఉంటే నాకు ఇన్‌బాక్స్‌లో పంపండి. పేర్లు బయట పెట్టను. వాడ, వయసు, చేస్తున్న పని, పడిపోయిన టైము చాలు. బాపులపాడు మండలం వరకు నేనే తిరిగి రాసుకుంటున్నాను, ఇప్పటికి రెండు వాడలు అయ్యాయి.

వచ్చే ఆదివారం నాలుగో భాగం: మామిడి పూతకి కొట్టే మందు, కొట్టే చేతులు.