బొంకులదిబ్బ నుంచి వెండితెరకు

మన బడి వార్షికోత్సవంలో తొలిసారి గిరీశం వేషం కట్టాను. ఆ వేషం నన్ను నలభై ఏళ్లు వదల్లేదు. అందుకే 'కన్యాశుల్కం' సినిమా మాటెత్తితే ఒకప్పుడు మొహం చిట్లించేవాణ్ణి. నాటకాన్ని కోసేశారని నా ఫిర్యాదు.

నిజానికి ఆ నాటకం మొదటి నుంచీ ఒక్కలా లేదు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. 1909 నాటికి గురజాడ అప్పారావుగారే దాన్ని బాగా పెంచి తిరగరాశారు. ఆ ఏడంకాల నాటకం పూర్తిగా ఆడాలంటే ఒక రాత్రి చాలదు. మేమూ మాకు వీలైనట్టు రంగాలు తీసేసే ఆడాం. మేము కోస్తే కుదింపు, సినిమావాళ్లు కోస్తే ద్రోహమా?

1955లో పి. పుల్లయ్యగారి దర్శకత్వంలో సినిమా వచ్చింది. ఎన్.టి. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. లుబ్ధావధాన్లుగా గోవిందరాజుల సుబ్బారావుగారు నటించారు. రంగస్థలం మీద ఆ పాత్రకు పేరు తెచ్చింది కూడా ఆయనే. స్టేజీ మీద పిసినారితనం చివరి బెంచీవాడికీ తెలియాలంటే ఒళ్లంతా ఆడించాలి, గొంతు పెంచాలి. కెమెరా ముందు కంటిచూపు చాలు. ఆ తేడా నాకు అర్థమైంది ఆయన్ని చూశాకే.

బొంకులదిబ్బ మీద గిరీశం ఒంటరిగా మాట్లాడుకునే తొలి రంగంలో మాత్రం నాటకానిదే పైచేయి. జనం నవ్వితే ఆగుతాం, నవ్వకపోతే మాట విరుపు మారుస్తాం. తెర మీది గిరీశానికి ఆ వీలు లేదు.

అయితే ఇంకో లెక్క ఉంది. రంగస్థలం మీద మధురవాణిగా స్థానం నరసింహారావుగారికి ఎంతో పేరు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ మధురవాణి తెరకెక్కలేదు. చూసినవాళ్లతోనే పోయింది. సుబ్బారావుగారి లుబ్ధావధాన్లు ఇవాళ్టికీ కదులుతున్నాడు, దగ్గుతున్నాడు. ఇది తెలిశాక సినిమా మీద నా కోపం చల్లారింది.

మన బడి నాటకాలకు మిగిలినవి గోడ మీది రెండు మూడు ఫొటోలే. మాకు మాట పలకడం నేర్పిన తెలుగు మాస్టారి గొంతు ఎక్కడా లేదు. ఈ స్వర్ణోత్సవ వేళ నాదొక్క కోరిక: ఏటా పిల్లల చేత ఒక నాటకం ఆడించండి, దాన్ని వీడియో తీసి దాచండి. ఆడితేనే నాటకం బతుకుతుంది, దాస్తేనే నటుడు మిగులుతాడు.