సారా కొట్టు మూశాక ఆమె ఎక్కడికి పోవాల?

1992లో నెల్లూరు జిల్లాను ఊపేసిన సారా పోరాటం దూబగుంటలో పుట్టింది. తడ కూడా అప్పుడు ఆ జిల్లాలోదే. ముందు నడిచింది దళిత, వెనుకబడిన కులాల ఆడోళ్లు. తాగొచ్చి కొట్టే మొగుళ్ల దెబ్బలే వాళ్లను వీధిలోకి తెచ్చాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధమైంది. కొట్లు మూతపడ్డాయిగానీ దెబ్బలు ఆగలేదు.

2005 గృహహింస చట్టం ఆమెకు ఆశ్రయం అడిగే హక్కు ఇచ్చింది. గృహహింస నివేదిక నమోదు కాలేదన్న సాకుతో ఆశ్రయ గృహం ఆమెను తిప్పి పంపరాదని 2006 నిబంధనలు చెబుతున్నాయి. 181కి ఫోన్ చేసి సాయం అడగొచ్చు.

2022లో తడ తిరుపతి జిల్లాలోకి పోయింది. జిల్లా మారినా వాడలోని ఆడమనిషికి జిల్లా కేంద్రం దూరాభారమే. బస్సు ఛార్జీ, చంకలో బిడ్డ, కూలి పోయిన రోజు, ఇవన్నీ ఎవరు చూస్తారు? ఆశ్రయ గృహానికి పండక్కి చీరలు పంచి వస్తే సరిపోదు. నాడు సారా కొట్టు కాడికి గుంపుగా పోయినట్టే నేడు ఆమె వెంట ఆ గడప దాకా పోవాలంటున్నాం.