పడకగదికి చేరిన స్నానాలగది: తెలుగు ఇంటి నిర్మాణంలో ఒక మార్పు - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

పట్టణాల్లోని తెలుగువారి ఇళ్ళలో నేడు పడకగదికి ఆనుకొని స్నానాలగది, మరుగుదొడ్డి కలిసి ఉండటం సర్వసాధారణం. ఇల్లు అద్దెకిచ్చేవారు గదుల సంఖ్యతో పాటు ‘అటాచ్డ్ బాత్రూమ్’ ఉందని ప్రత్యేకంగా చెబుతారు. రెండు మూడు తరాల కిందట ఇదే ఏర్పాటు చాలా కుటుంబాలకు అందనిది. మడి, మైల పాటించే ఇళ్ళలో అభ్యంతరకరం కూడా. నివాసానికి వీలైనంత దూరంగా ఉండవలసిన చోటు ఇంటి లోపలి గదికి ఎలా చేరింది? నీటి సరఫరా, మురుగు పారుదల ఇందుకు కారణాలని సాధారణంగా చెబుతారు. అది నిజమే కాని సంపూర్ణమైన సమాధానం కాదు. ఈ మార్పును పాకీపని చరిత్రతో కలిపి చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పెరటి వ్యవస్థ: పదాల సాక్ష్యం

వీధి అరుగు, సావిడి, మండువా, వంటిల్లు, పెరడు అనే క్రమంలో సాగే సంప్రదాయ గృహంలో స్నానానికి, మలవిసర్జనకు వేర్వేరు చోట్లు ఉండేవి. స్నానం నూతి దగ్గర గానీ, కాగు, గాబు ఉన్న పెరటి పంచలో గానీ జరిగేది. మలవిసర్జనకు అత్యధికులు చెంబు పట్టుకొని ఊరి బయటికి వెళ్ళేవారు. పట్టణాల్లోని సంపన్నుల ఇళ్ళలో మాత్రమే పెరటి చివర దొడ్డి ఉండేది. 

భాష ఈ స్థలవిభజనను భద్రపరచింది. ‘దొడ్డి’ అంటే ఆవరణ. బందెలదొడ్డి, గొడ్లదొడ్డి వంటి మాటల్లో ఆ అర్థమే కనిపిస్తుంది. ‘దొడ్డికి వెళ్ళడం’ అన్న వాడుకలో ఆవరణవాచకం క్రియను మరుగుపరచే సభ్యోక్తి అయింది. ‘మరుగుదొడ్డి’లో ఆ చాటుదనం మరొకసారి చెప్పబడింది. ‘బహిర్భూమి’, ‘బయటికి వెళ్ళడం’ అన్నవి నేరుగా దూరాన్నే సూచిస్తాయి. వీటికి భిన్నంగా ‘పాకీదొడ్డి’ అన్న మాట అక్కడ పనిచేసే మనిషిని పేర్కొంటుంది. పెరటి గోడకు వెనుక సందు వైపు ఒక కన్నం ఉండేది. పాకీపనివారు ఆ సందులోంచి వచ్చి, ఇంట్లో అడుగుపెట్టకుండానే మలాన్ని ఎత్తుకొని పోయేవారు. ఈ పని కోస్తా పట్టణాల్లో ప్రధానంగా రెల్లి, హైదరాబాదులో మెహతర్ కులాలవారి మీద పడింది.

బంగళాలోని రెండో తలుపు

పడకగదికి జోడించిన స్నానాలగది గొట్టాలతో పాటే వచ్చిందనుకోవడం పొరపాటు. వలసపాలన కాలపు అధికారుల బంగళాల్లో గొట్టాలు రాకముందే ప్రతి పడకగదికి ఒక స్నానాలగది ఉండేది. అందులో రేకు తొట్టి, నీరు పోవడానికి గోడ అడుగున తూము, పక్కన కుర్చీలాంటి చెక్కపెట్టెలో మలపాత్ర ఉండేవి. ఆ గదికి రెండు తలుపులు. ఒకటి పడకగదిలోకి, రెండోది ఆరుబయటికి. దొర మొదటి తలుపు గుండా వచ్చేవాడు. నీళ్ళు మోసేవారు, పాత్ర ఎత్తేవారు రెండో తలుపు గుండా వచ్చిపోయేవారు.

అంటే, మలాన్ని పడకగది పక్కకు తెచ్చిన తొలి సాధనం యంత్రం కాదు, మనిషి శ్రమ. పెరటి గోడలోని కన్నం, బంగళాలోని రెండో తలుపు ఒకే పనిని నిర్వర్తించాయి. వాడేవారికి, శుభ్రం చేసేవారికి మధ్య చూపు కూడా కలవనవసరం లేకుండా చేశాయి. 

నీటి అడ్డు

రెండో తలుపు అవసరాన్ని తొలగించింది ఒక చిన్న వంపు. 1775లో అలెగ్జాండర్ కమింగ్ లండన్‌లో హక్కుపత్రం పొందిన మరుగుదొడ్డిలో గొట్టం ‘ఎస్’ అక్షరంలా వంగి ఉంటుంది. ఆ వంపులో నిలిచిన నీరు మురుగు వాయువును వెనక్కి రానివ్వదు. దుర్వాసన భయం పోయాకే ఆ గదిని నివాసగదికి ఆనించడం సాధ్యమైంది. 1908లో అమెరికాలోని బఫలో నగరంలో తెరిచిన స్టాట్లర్ హోటలు ప్రతి గదికి స్నానాలగదిని ఇచ్చి పేరు పొందింది. రెండు స్నానాలగదులను వెన్నువెన్నుగా కట్టి, మధ్యలో ఒకే నిలువు సొరంగంలోంచి గొట్టాలన్నీ నడపడం అక్కడి పొదుపు సూత్రం. నేటి అపార్టుమెంట్లలోని ‘డక్టు’ ఆ సూత్రానికి కొనసాగింపే.

అదే 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాలు ఏర్పడ్డాయి. నగర భూగర్భ మురుగునీటి పథకానికి కూడా ఆయన సలహాలే ఆధారమయ్యాయి. కొళాయి నీరు, భూగర్భ మురుగు కాలువ రెండూ చేరిన చోట పెరటి దొడ్డి ఇంటి వైపు జరగగలిగింది. కాలువ లేని పట్టణాల్లో ఆ పాత్రను సెప్టిక్ ట్యాంకు పోషించింది.

నేటి ప్రమాణాలు

జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం స్నానాలగదికి కనీసం 1.8 చదరపు మీటర్లు, విడి మరుగుదొడ్డికి 1.1 చదరపు మీటర్లు, రెండూ కలిసిన గదికి 2.8 చదరపు మీటర్ల వైశాల్యం ఉండాలి. విడివిడిగా కట్టినా మొత్తం 2.9 మాత్రమే. కాబట్టి, ఈ కలయికను గది వైశాల్యంలోని ఆదా ఒక్కటే వివరించలేదు. గోడ, తలుపు, గొట్టాల ఖర్చులో ఆదాను, స్నానాన్ని మలవిసర్జనను వేరుచేసిన ఆచారం సడలడాన్ని కూడా గమనించాలి. ‘బాత్రూమ్’ అన్న మాట ఇప్పుడు రెండు పనులకూ చెల్లడం ఈ సడలింపుకు భాషాపరమైన నిదర్శనం. ఈశాన్యంలో మరుగుదొడ్డి కూడదనే నేటి వాస్తు చర్చ దాని స్థానాన్ని ప్రశ్నిస్తుందే తప్ప, అది ఇంట్లో ఉండటాన్ని ప్రశ్నించదు.

ఆ గది గోడల్లో ఒకటైనా బయటి గాలికి తెరుచుకోవాలన్నది మరో నియమం. బంగళాలో రెండో తలుపు ఉన్న వైపు నేడు మిగిలింది చిన్న వెంటిలేటరు మాత్రమే. గాలికి దారి మిగిలింది, మనిషికి దారి మూసుకుపోయింది.

మూసిన తలుపు వెనుక

ఈ మార్పు వల్ల కలిగిన మేలు సామాన్యమైనది కాదు. చీకటి పడేదాకా ఆగవలసి వచ్చిన స్త్రీలకు, రాత్రివేళ పెరటి దాకా నడవలేని వృద్ధులకు, రోగులకు, బాలింతలకు అది ఆరోగ్యాన్ని, గౌరవాన్ని ఇచ్చింది. కాని ఆ గౌరవం అందరికీ ఒకేసారి అందలేదు. పొడి మరుగుదొడ్ల నిర్మాణాన్ని, పాకీపనిని నిషేధించే చట్టం 1993లో గాని రాలేదు. కోలారు బంగారు గనుల ప్రాంతంలో పుట్టిన బెజవాడ విల్సన్ తదితరులు నడిపిన సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. 2013 నాటి కొత్త చట్టం మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను రక్షణ లేకుండా మనుషులతో శుభ్రం చేయించడాన్ని కూడా నిషేధించింది. 1993 నుంచి అలా మరణించిన వారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. నిషేధం తర్వాత కూడా పరిహారాన్ని పెంచవలసి రావడమే సమస్య కొనసాగుతోందనడానికి సాక్ష్యం.

ముగింపు

పెరటి చివరి నుంచి పడకగది పక్కకు మరుగుదొడ్డి చేసిన ప్రయాణం సాంకేతిక ప్రగతి కథ మాత్రమే కాదు. పెరటి గోడలోని కన్నం, బంగళా రెండో తలుపు, వీధిలోని మ్యాన్‌హోలు మూత ఒకే చరిత్రలోని మూడు దశలు. మొదటి రెండింటిలో పనిచేసే మనిషి ఇంటివారికి దగ్గరలోనే ఉండేవాడు. మూడోదానిలో పూర్తిగా కంటికి కనబడకుండా పోయాడు. గృహనిర్మాణ చరిత్రను రాసేవారు ఇంటి ప్రణాళికను ప్రహరీగోడతో ఆపకుండా, గొట్టం ముగిసే చోటు దాకా చదివినప్పుడే ఆ మనిషి చరిత్రలోకి వస్తాడు.